మోగితే వచ్చేదెవరు? తక్కువ ఖర్చులో దొంగల అలారం ఎంచుకునే ముందు

పోయిన సంక్రాంతికి మా అక్కావాళ్ళు ఇంటికి తాళం వేసి ఐదు రోజులు ఊరెళ్ళారు. ఇంట్లో ఆరు వేలు పెట్టి కొన్న అలారం ఉంది. వీధి తలుపుకు ఒక సెన్సార్, హాల్లో ఒక సెన్సార్, ఫోన్ చేసే సిమ్ కార్డు, చెవులు చిల్లులు పడే సైరన్, అన్నీ ఉన్నాయి. పండగ అయ్యాక తిరిగొచ్చి తాళం తీశారు. రిమోట్ నొక్కడం మర్చిపోయారు కాబట్టి సైరన్ మోగాలి. మోగలేదు. గోడమీద పెట్టె చూస్తే ఒక్క లైటు కూడా వెలగడం లేదు.

సంగతేంటంటే, బయల్దేరేటప్పుడు మా బావ గ్యాస్ కట్టేసి, కుళాయిలన్నీ ఒకసారి తిప్పి చూసుకుని, చివరగా మెయిన్ ఆఫ్ చేశాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన అలవాటు అది. పెట్టెలోపలి చిన్న బ్యాటరీ ఆ రాత్రికి లాక్కొచ్చి ఉంటుంది. మిగిలిన నాలుగు రోజులూ ఆ ఇంటికి కాపలా కాసింది తాళంకప్ప ఒక్కటే.

దొంగ రాలేదు కాబట్టి ఇప్పుడు చెప్పుకుని నవ్వుకుంటున్నాం. కానీ ఆ తర్వాత నేను చూసిన ఇళ్ళల్లో, దుకాణాల్లో అలారం పనిచేయకపోవడానికి కారణం ఎక్కువగా ఇలాంటిదే. సెన్సార్ చెడిపోవడం తక్కువ. కరెంటు లేకపోవడం, సిమ్ రీచార్జ్ అయిపోవడం, బ్యాటరీ నీరసించడం, ఫోన్ సైలెంట్‌లో ఉండటం ఎక్కువ. అందుకే ఎవరైనా ‘ఏ అలారం కొనమంటారు’ అని అడిగితే నేను మోడల్ పేరు చెప్పను. ముందు ఒకటి అడుగుతాను. అది మోగితే వచ్చేదెవరు?

పల్లెలో అర్ధరాత్రి సైరన్ మోగితే పది ఇళ్ళ తలుపులు తెరుచుకుంటాయి. కర్రలు పట్టుకుని వస్తారు. అక్కడ మూడొందల రూపాయల కూత పెట్టె కూడా గొప్ప అలారమే. అదే సైరన్ హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లో మోగితే పక్క ఫ్లాట్‌వాళ్ళు ‘ఎవరి కారో’ అనుకుని అటు తిరిగి పడుకుంటారు. అక్కడ శబ్దం కంటే ఫోన్ కాల్ ముఖ్యం, అది కూడా కింద ఉన్న వాచ్‌మన్‌కు. ఊరి చివర కొత్త వెంచర్లో ఒంటరి ఇల్లయితే సైరన్ వినేవాళ్ళే ఉండరు, ఫోన్ వెళ్ళినా మీరు వచ్చేసరికి గంట పడుతుంది. ఆ ఇంటికి ముందు గట్టి గ్రిల్లు కావాలి, తర్వాతే అలారం. దొంగకు లోపలికి రావడానికి పట్టే సమయం మీ మనిషి అక్కడికి చేరే సమయం కంటే తక్కువైతే ఎంత ఖరీదైన ఎలక్ట్రానిక్స్ పెట్టినా ఒరిగేది తక్కువ.

తలుపుకు అంటించే చిన్న అలారం

అన్నిటికంటే చవకైనది ఇది. ఆన్‌లైన్లో సుమారు 200 నుంచి 500 రూపాయలకు దొరుకుతుంది. రెండు ముక్కలుంటాయి. ఒకటి అయస్కాంతం, తలుపు రెక్కకు. రెండోది బజర్ ఉన్న డబ్బా, ద్వారబంధానికి. డబ్బాలో సన్నటి గాజు గొట్టం, దానిలో రెండు ఇనుప రేకులు ఉంటాయి. అయస్కాంతం దగ్గరుంటే రేకులు అతుక్కుని ఉంటాయి, తలుపు తెరిస్తే విడిపోతాయి. అంతే, కూత మొదలు. దీన్ని రీడ్ స్విచ్ అంటారు. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న పాత పద్ధతి, అందుకే నమ్మకమైనది. వేల రూపాయల అలారం పెట్టె (ప్యానెల్)తో వచ్చే డోర్ సెన్సార్ లోపల ఉండేది కూడా సాధారణంగా ఇదే.

పెట్టేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. చెక్క తలుపులు వానాకాలంలో ఉబ్బుతాయి, ఎండాకాలంలో కుంచించుకుపోతాయి. రెండు ముక్కల మధ్య ఎడం సెంటీమీటరు దాటకుండా బిగిస్తే ఆ మార్పును తట్టుకుంటుంది. రెండోది ఇనుప గ్రిల్ తలుపు. అయస్కాంతాన్ని నేరుగా ఇనుముకు అంటిస్తే దాని బలమంతా ఇనుము లాగేసుకుంటుంది, స్విచ్‌కు అందదు. మధ్యలో అర అంగుళం చెక్క ముక్కో ప్లాస్టిక్ ముక్కో పెట్టి బిగించాలి. ‘సెన్సార్ పనిచేయడం లేదు’ అని వాపసు పంపేవాళ్ళలో కొందరి సమస్య ఈ చెక్క ముక్క లేకపోవడమే అని నా అనుమానం.

దీని లోపం ఏంటంటే, అరిచే నోరు తలుపు పక్కనే ఉంటుంది. లోపలికి వచ్చినవాడు పీకి నేలకేసి కొడితే కథ ముగిసింది. కాబట్టి ఎవరూ లేని ఇంటికి ఇది సరిపోదు. మనుషులు ఇంట్లో నిద్రపోతున్నప్పుడు పెరటి తలుపుకు, మేడమీద తలుపుకు చాలా బాగా పనికొస్తుంది. పెద్దవాళ్ళు ఇద్దరే ఉండే ఇంటికి నేను మొదట కొనేది ఇదే. యాప్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఒక బటన్ నొక్కి పడుకోవడమే.

గది మధ్యలో చూసే సెన్సార్, దాని మీద బల్లి

గోడ మూలలో తెల్లటి ప్లాస్టిక్ బుగ్గతో కనిపించేది పీఐఆర్ సెన్సార్. ఇది ఏ కిరణాలూ పంపదు. మనిషి ఒంటి వేడి నుంచి వచ్చే పరారుణ కిరణాలను పట్టుకుంటుంది. ఆ బుగ్గ మీద గళ్ళు గళ్ళుగా కనిపించేది లెన్సు. గదిని విసనకర్ర ఈనెల్లాగా పాయలుగా విడగొడుతుంది. వేడి వస్తువు ఒక పాయలోంచి ఇంకో పాయలోకి జరిగితే సెన్సార్ మేల్కొంటుంది. అందుకే ఎదురుగా నడిచొచ్చేవాణ్ణి కంటే అడ్డంగా దాటేవాణ్ణి బాగా పడుతుంది. వీధి తలుపుకు ఎదురుగా కాకుండా పక్క గోడ మూలలో, ఏడడుగుల ఎత్తున పెట్టమనేది ఇందుకే.

మన వాతావరణంలో దీనితో ఒక తంటా ఉంది. సెన్సార్ చూసేది మనిషికీ వెనక గోడకూ మధ్య వేడిలో తేడాను. మే నెలలో కిటికీలన్నీ మూసి పెట్టిన ఇంట్లో, స్లాబ్ కింద, రాత్రి పదకొండింటికి కూడా గోడలు కాలుతూనే ఉంటాయి. గోడ కూడా మనిషి చర్మమంత వేడిగా ఉంటే సెన్సార్‌కు తేడా కనిపించడం తగ్గుతుంది. జనవరిలో ఏడు మీటర్ల దూరం నుంచి పట్టినది ఎండాకాలంలో మూడు, నాలుగు మీటర్లకు వస్తేగానీ పట్టకపోవచ్చు. ‘టెంపరేచర్ కంపెన్సేషన్’ (వేడిని బట్టి సర్దుకోవడం) అని డబ్బా మీద రాసి ఉన్నది కొంత మెరుగు. ఏది కొన్నా ఒకసారి ఎండాకాలం రాత్రి నడిచి పరీక్షించండి. దొంగతనాల భయం కూడా ఆ వేసవి సెలవుల్లోనే కదా.

ఇక బల్లి. మా ఇంట్లో రాత్రి ఒంటిగంటకు సైరన్ మోగింది. లేచి లైట్లు వేసి, కర్ర పట్టుకుని, గుండె దడదడలాడుతుంటే హాల్లోకి వెళ్ళాను. సెన్సార్ లెన్సు మీద నిమ్మళంగా ఒక బల్లి. పక్కనే ట్యూబ్‌లైటు, దాని వెలుగుకు వచ్చే పురుగుల కోసం తిరుగుతోంది. మనిషి మీద బల్లి పడితే ఏమవుతుందో పంచాంగంలో ఉంది గానీ సెన్సార్ మీద పడితే ఫలితం మాత్రం రాయలేదు. పరిష్కారం చిన్నదే. లైటుకు దూరంగా పెట్టడం, సెన్సార్ వెనక తీగ వచ్చే కన్నాన్ని సీలెంట్‌తో మూసేయడం. లోపల దూరిన చీమలు, సాలీళ్ళు కూడా ఇదే గోల చేస్తాయి. పూజ గదిలో దీపం, ఫ్యాన్ గాలికి ఊగే కర్టెన్, కిటికీలోంచి వచ్చే పిల్లి, ఇవేవీ సెన్సార్ ఎదురుగా లేకుండా చూసుకోండి. రెండుసార్లు ఊరికే మోగితే మూడోసారి ఇంట్లోవాళ్ళే ఆపేస్తారు. ఆ తర్వాత అది గోడకు అలంకారం.

సిమ్ ప్యానెలా, వైఫై కిట్టా?

ఇంటికి తాళం వేసి వెళ్ళేవాళ్ళు తేల్చుకోవలసిన అసలు ప్రశ్న ఇదే.

సిమ్ ప్యానెల్ సుమారు నాలుగు వేల నుంచి తొమ్మిది వేల దాకా ఉంటుంది. ఒక పెట్టె, రెండు మూడు సెన్సార్లు, రెండు రిమోట్లు, ఒక సైరన్ కలిపి ఇస్తారు. సెన్సార్ పసిగట్టగానే ఆ పెట్టే వరసగా మీరు ఇచ్చిన నంబర్లకు ఫోన్ చేస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. లోపల బ్యాటరీ ఉంటుంది.

వైఫై కిట్ రెండు వేలలో కూడా మొదలవుతుంది. ఒక్కో డోర్ సెన్సార్ ఏడెనిమిది వందలు. యాప్‌లో అన్నీ కనిపిస్తాయి, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఇది నిలబడాలంటే ఇంట్లో రౌటర్ వెలుగుతూ ఉండాలి, బయట ఫైబర్ తీగ తెగకుండా ఉండాలి, నెల బిల్లు కట్టి ఉండాలి, మీ ఫోన్లో డేటా ఆన్‌లో ఉండాలి. మా బావలాంటివాళ్ళు మెయిన్ ఆఫ్ చేస్తే మొదటి నిమిషంలోనే చచ్చిపోతుంది. రౌటర్‌కు పన్నెండొందల నుంచి రెండు వేల రూపాయల్లో చిన్న యూపీఎస్ దొరుకుతుంది, నాలుగు గంటల కోతకు ఆగుతుంది. నాలుగు రోజుల సెలవుకు ఆగదు.

ఇంకో తేడా ఎవరూ పెద్దగా చెప్పరు. సిమ్ ప్యానెల్ ఫోన్ మోగిస్తుంది. వైఫై యాప్‌లు చాలావరకు ‘టింగ్’మని ఒక మెసేజ్ పంపుతాయి. అర్ధరాత్రి ఆ టింగ్‌కు లేచేవాళ్ళు ఎందరు? ఫోన్లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే ఆ టింగ్ కూడా పొద్దున్నే రావచ్చు. అందుకే తాళం వేసి వెళ్ళే సొంతింటికి నా ఓటు సిమ్ ప్యానెల్‌కే.

అయితే ఒక మినహాయింపు ఉంది, అది మన తెలుగువాళ్ళ ఇళ్ళకు బాగా వర్తిస్తుంది. గుంటూరులో తల్లిదండ్రుల ఇల్లు, డల్లాస్‌లో కొడుకో కూతురో. జనవరిలో ఇక్కడ రాత్రి రెండు గంటలంటే అక్కడ ముందు రోజు మధ్యాహ్నం రెండున్నర. దొంగ వచ్చే వేళకు పూర్తిగా మెలకువగా, ఫోన్ చేతిలో పట్టుకుని ఉండే కాపలాదారు మన కుటుంబంలో వాళ్ళొక్కరే! వాళ్ళకు సిమ్ ప్యానెల్ నుంచి అంతర్జాతీయ కాల్ పెట్టే కంటే వైఫై యాప్ నయం. ఒకటే జాగ్రత్త. అక్కడి నుంచి 112 నొక్కితే మన పోలీసులకు రాదు. స్థానిక పోలీస్ స్టేషన్ పూర్తి నంబరు, పక్కింటివాళ్ళ నంబరు +91తో సహా ముందే ఫోన్లో పెట్టుకోవాలి.

సిమ్ ప్యానెల్ కొనేటప్పుడు డబ్బా మీద ‘జీఎస్ఎం’ అని మాత్రమే ఉంటే దుకాణదారును ‘2జీనా, 4జీనా’ అని నిలదీయండి. చవకవాటిలో చాలా వరకు 2జీ మాడ్యూలే ఉంటుంది. జియోకు 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి ఆ సిమ్ వేస్తే పెట్టె మూగదే. 2జీ నడుస్తున్న కంపెనీ సిమ్ వేయాలి, లేదా ఇంకో వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ పెట్టి 4జీ మోడల్ తీసుకోవాలి. కొత్తగా కొనేవాళ్ళకు రెండోదే మేలు. రీచార్జ్ సంగతి కాస్త సులువైంది. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే ప్యాక్‌లు ఇవ్వాలని, వాటికి 365 రోజుల వరకు గడువు ఉండొచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో చెప్పింది. 2025 మొదట్లో కంపెనీలు అలాంటివి తెచ్చాయి. ఏడాదికోసారి, ఇంటి పన్ను కట్టే రోజునో పుట్టిన రోజునో, గుర్తుండే తేదీన వేయించండి.

ఇంకొకటి, చాలా చిన్నది. ప్యానెల్‌లోని సిమ్ నంబరును మీ ఫోన్లో ‘ఇంటి అలారం’ అని సేవ్ చేసుకుని, దానికి వేరే రింగ్‌టోన్ పెట్టి, సైలెంట్‌లో ఉన్నా మోగేలా అనుమతివ్వండి. రాత్రి రెండింటికి తెలియని నంబరు నుంచి కాల్ వస్తే మనం ఎత్తం, స్పామ్ అనుకుంటాం.

తీగల అలారం: పాతదే, కానీ దుకాణానికి ఇదే

వైర్‌లెస్ వచ్చాక అందరూ మర్చిపోయారు గానీ కిరాణా కొట్టుకో చిన్న నగల దుకాణానికో నేను ఇప్పటికీ తీగల అలారమే చెబుతాను. ఊళ్ళో ఉండే ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ఒక పూటలో బిగించేస్తాడు. రీడ్ స్విచ్‌లన్నీ ఒకే వరసలో దండలా కలిపి, వాటి గుండా చిన్న కరెంటు ఎప్పుడూ పారుతూ ఉండేలా చేస్తారు. షట్టర్ లేచినా కరెంటు ఆగుతుంది, దొంగ తెలివిగా తీగ కోసినా ఆగుతుంది. ఆగిందంటే సైరన్. తీగ తెగితే నోరు మూసుకునే అలారం కాదు, తీగ తెగితేనే అరిచే అలారం. బిగించేవాణ్ణి ‘నార్మల్లీ క్లోజ్డ్ లూపేనా’ అని అడగండి. అవునన్నాక, మీ ఎదురుగా ఒక తీగ ఊడదీసి చూపించమనండి.

దీనికి 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ జోడిస్తారు. కంప్యూటర్ యూపీఎస్‌లలో ఉండే అదే నల్ల ఇటుక. ప్యానెల్ ఖాళీగా ఉన్నప్పుడు 150 మిల్లీఆంపియర్లు తాగుతుందనుకుంటే, కాగితం మీద 46 గంటలు రావాలి. రెండేళ్ళు వాడిన బ్యాటరీకి అందులో సగం లెక్కేసుకోండి. మొత్తం ఖర్చు మూడు నాలుగు వేలు.

షట్టర్‌కు ఇంటి తలుపు సెన్సార్ పెట్టొద్దు. రోడ్డు మీద లారీ వెళ్ళినా షట్టర్ ఊగుతుంది, ఎడం మారుతుంది, ఊరికే మోగుతుంది. నేలకు బిగించే అల్యూమినియం డబ్బాలోని పెద్ద రీడ్ స్విచ్ ప్రత్యేకంగా షట్టర్ల కోసమే దొరుకుతుంది, ఐదారు సెంటీమీటర్ల ఎడం కూడా తట్టుకుంటుంది. అదురు పట్టే వైబ్రేషన్ సెన్సార్‌ను షట్టర్‌కు కాకుండా లోపలి ఇనప్పెట్టెకు, బీరువాకు పెట్టండి. ఈదురుగాలికి బీరువా ఊగదు కదా.

చవక వైర్‌లెస్ రిమోట్లలో చాలావి ప్రతిసారీ ఒకే కోడ్ పంపుతాయి. దాన్ని గాల్లోంచి పట్టుకుని మళ్ళీ పంపగల పరికరాలున్నాయి. మామూలు ఇంటికి వచ్చే దొంగ అంత కష్టపడడు, ఆ టెన్షన్ వద్దు. నగల దుకాణమైతే మాత్రం ఆ రిమోట్ జోలికి వెళ్ళకండి.

గుడికీ ఇదే లెక్క. మండపంలో పీఐఆర్ పెడితే గబ్బిలాలు, ఎలుకలు, అఖండ దీపం కలిసి పూజారిని వారంలో విసిగిస్తాయి. గర్భాలయం తలుపుకు రీడ్ స్విచ్, హుండీకి వైబ్రేషన్ సెన్సార్, ఊరివైపు తిప్పిన సైరన్ చాలు.

కెమెరా సంగతి క్లుప్తంగా చెప్తాను. కెమెరా చెప్పేది ఎక్కువగా జరిగిపోయినదాని గురించే. మెమొరీ కార్డు ఉన్న చిన్న కెమెరాను దొంగ చంకన పెట్టుకుపోతే ఆ కబురు కూడా ఉండదు. అలారం మోగినప్పుడు ‘బల్లా, మనిషా’ అని చూసుకోవడానికి రెండు వేల కెమెరా ఒకటి తోడుగా ఉంటే మంచిదే. అలారానికి బదులుగా మాత్రం కాదు.

డబ్బు పెట్టక్కర్లేనివి

ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017లో తాళం వేసిన ఇళ్ళ కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అనే ఏర్పాటు తెచ్చారు. మీరు ఊరెళ్ళే ముందు యాప్‌లో చెబితే వాళ్ళే వచ్చి ఉచితంగా కెమెరా పెడతారు, లోపల కదలిక ఉంటే కబురు కంట్రోల్ రూమ్‌కు వెళ్తుంది. మోగితే వచ్చేదెవరు అనే ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు లేదు. మీ స్టేషన్లో ఇప్పుడు నడుస్తోందా, కెమెరాలు ఖాళీగా ఉన్నాయా అన్నది పండక్కి పది రోజుల ముందే అడగండి. తెలంగాణలో కూడా ఊరెళ్ళేటప్పుడు స్టేషన్లో చెప్పి వెళ్ళమని పోలీసులు పండగల ముందు అడుగుతూనే ఉంటారు.

బంగారం బ్యాంకు లాకర్లో పెట్టేస్తే అలారం ఎందుకు అనేవాళ్ళున్నారు. నిజమే, పెళ్ళిళ్ళకు తప్ప తీయని నగలు అక్కడే ఉండాలి. కానీ 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన తెలుసుకోండి. బ్యాంకులో దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి జరిగితే వాళ్ళ బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. రెండు వేలు అద్దె అయితే రెండు లక్షలు. ఇప్పటి ధరకు అది ఎన్ని కాసులవుతుందో లెక్కేసుకుని, నగల బీమా సంగతి విడిగా ఆలోచించుకోండి.

ఎవరికి ఏది

వాచ్‌మన్ ఉన్న ఫ్లాట్ అయితే వైఫై డోర్ సెన్సార్ ఒకటి, కెమెరా ఒకటి, వాచ్‌మన్ నంబరు. మూడున్నర వేలలో అయిపోతుంది. ఇంకేమీ వద్దు, అంతస్తుల్లో ఉన్న ఫ్లాట్‌కు దారి ఎక్కువగా ఒక్క తలుపే. ఊళ్ళో ఇరుగుపొరుగు దగ్గరగా ఉన్న ఇండిపెండెంట్ ఇంటికి 4జీ సిమ్ ప్యానెల్, వీధి తలుపుకు పెరటి తలుపుకు సెన్సార్లు, హాల్లో ఒక పీఐఆర్. పెట్టెను తలుపు పక్కన కాకుండా లోపలి గది అటక మీద పెట్టాలి, సైరన్ మాత్రం చేతికందని ఎత్తులో బయట. అద్దె ఇల్లయితే గోడకు కన్నాలు పెట్టనివ్వరు కాబట్టి అంటించే అలారాలే, వెళ్ళేటప్పుడు ఊడదీసుకుని పోవచ్చు. దుకాణానికి తీగలది, దానికి ఫోన్ చేసే సిమ్ డయలర్ ఒకటి జోడించి.

ఖర్చు ఇంకా తగ్గించాలంటే సెన్సార్ల సంఖ్య తగ్గించండి, బ్యాటరీని తగ్గించకండి. ఆరు సెన్సార్ల కిట్ మీద ఆఫర్ చూసి కొన్నవాళ్ళు రెండు బిగించి నాలుగు డ్రాయర్లో పడేయడం నేను చూశాను.

మా అక్కావాళ్ళింట్లో ఇప్పుడు ప్యానెల్‌కు, రౌటర్‌కు కలిపి మెయిన్‌కు ముందు నుంచే వేరే లైన్ లాగించాం, దానికి సొంత ఎంసీబీ (విడి స్విచ్) పెట్టించి. ఎలక్ట్రీషియన్ కూలీ, సామాను కలిపి తొమ్మిది వందలైంది. ఆ ఎంసీబీ మీద మా అక్క ఎర్ర నెయిల్ పాలిష్‌తో ‘దీన్ని ముట్టుకోవద్దు’ అని రాసింది. ఉగాదికి ఊరెళ్ళేటప్పుడు బావ మెయిన్ దించాడు, దీని దగ్గర ఒక్క క్షణం ఆగి, వదిలేశాడు. ఆ రాత్రి నేను అక్కావాళ్ళు పక్కింట్లో ఇచ్చి వెళ్ళిన తాళంచెవి తీసుకుని, ఎందుకో ఎవరికీ చెప్పకుండా పెరటి తలుపు తీశాను. బావ ఫోన్ ఎత్తడానికి నాలుగు రింగులు పట్టింది. పక్కింటాయన లుంగీ బిగించుకుంటూ గోడ దాకా రావడానికి ఇంకా తక్కువే పట్టింది.